చక్రాలు తీయించిన ఇల్లు

కృపాబాయి ఆంటీ ఇంటికి ఒకప్పుడు చక్రాలుండేవి. విన్నిపెగ్ శివార్లలోని ఆ మొబైల్ హోమ్ పార్కులో అన్ని ఇళ్లకూ ఉన్నట్టే. ఫ్యాక్టరీలో తయారై, లారీ వెనక కట్టుకొని వచ్చే ఇళ్లవి. ఇల్లు మనది, కింద నేల పార్కు యజమానిది. నేలకు నెలనెలా అద్దె కట్టాలి. నర్సాపురం నుంచి వచ్చి, వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికిన ఆంటీకి, ఆమె భర్త సువార్తరాజు గారికి అందుబాటులో ఉన్న ఇల్లు అదొక్కటే.

గృహప్రతిష్ట ప్రార్థనకు మా చర్చి సంఘాన్నంతా పిలిచారు. అక్కడే పేచీ వచ్చింది. చక్రాలున్నదాన్ని చూపించి ఇల్లంటే నలుగురూ నవ్వుతారని ఆంటీ అంకుల్ ప్రాణం తోడేసింది. ఆయన పాపం చక్రాలు ఇరుసులతో సహా ఊడదీయించి పాత ఇనుముకి ఇచ్చేశాడు. ముందుండే లాగుడు కొక్కేన్ని కోయించాడు. ఇంటికి అతికించి కాంక్రీటు అరుగు పోయించాడు. విన్నిపెగ్‌లో అరుగు! సగం ఏడాది దాని మీద మంచే కూర్చుంటుంది. అయినా అరుగు చూసుకొని ఆంటీ పొంగిపోయింది. అంకుల్ పోయాక దాన్ని మరీ అపురూపంగా తుడుచుకునేది.

కిందటి వేసవిలో పార్కును ఒక కంపెనీ కొనబోతోందని తెలిసింది. అక్కడ అపార్టుమెంట్లు కడతారట. ఇల్లు తరలించుకోగలిగినవాళ్లు తరలించుకోవాలి, లేనివాళ్లు వదిలేసి పోవాలి. ఇళ్లు తరలించే మనిషి ఒకడు వచ్చి, టార్చి వేసుకొని ఆంటీ ఇంటి కిందికి దూరాడు. బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు. లాగితే ఇల్లు అరుగు దగ్గరే విరిగిపోతుందన్నాడు.

ఆ రోజు నుంచి ఆంటీని భయం పట్టుకుంది. వీధిలో పెద్ద లారీ చప్పుడైతే గరిటె వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తేది. పాస్‌పోర్టు, బైబిలు, అంకుల్ ఫోటో ఒక సంచిలో సర్ది తలుపు పక్కనే పెట్టుకుంది. ఫోన్ చేస్తే ఒకటే మాట.

"ఫేబీ, చలికాలంలో నన్ను బయటికి గెంటేస్తారంటావా?"

"ఎవరూ గెంటరు ఆంటీ, ఊరుకోండి" అని కసిరేదాన్ని. ధైర్యం ఉండి కాదు. నాకూ భయమే, అందుకే కసిరేదాన్ని.

ఒక్క దారి మిగిలింది. పార్కులో ఉన్నవాళ్లే సహకార సంఘంగా ఏర్పడితే, నేల వాళ్లకే అమ్ముతానని యజమాని ఒప్పుకున్నాడు. దానికి సగానికి పైగా ఇళ్లవాళ్లు చేతులెత్తాలి. పక్కింటి ఓల్గా లాంటివాళ్ల గురించే ఆంటీ బెంగ. ఓల్గా ఇంటికి చక్రాలున్నాయి, పెట్టుకోవడానికి కొడుకు స్థలమూ ఉంది. ఆమెకేం పట్టింది నేల కొనే అప్పు నెత్తినేసుకోవడానికి?

నవంబరులో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక ఆంటీని పార్కువాళ్ల మీటింగుకు కార్లో తీసుకెళ్లాను. కొందామనేవాళ్లు చేతులెత్తండి అన్నాడు పార్కువాళ్లు ఎన్నుకున్న పెద్ద.

మా చర్చిల్లో ప్రార్థన మధ్య చేతులెత్తమంటే ముందు కళ్లు మూసుకుంటాం. పక్కవాళ్లు ఎత్తారో లేదో చూడకూడదు. ఆంటీ తల వంచి, కళ్లు గట్టిగా మూసుకొని, చెయ్యి పైకెత్తింది. పెదాలు కదులుతున్నాయి. నేను మాత్రం కళ్లు తెరిచే ఉన్నాను. లేచిన చేతులు చాలవు.

ఓల్గా చెయ్యి ఒళ్లోనే ఉంది. ఆమె ఆంటీ వైపే చూస్తోంది. చూసి చూసి, ఏదో గొణుక్కుంటూ చెయ్యెత్తింది. ఆమె వెనక వరుసలో మరికొన్ని లేచాయి. పార్కు పెద్ద రెండోసారి లెక్కపెట్టి, సరిపోయాయన్నాడు. వద్దనేవాళ్లు ఎత్తండి అన్నాడు. ఆంటీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది!

"దించండి ఆంటీ! అటువైపు లెక్కేసేస్తారు!" అని మోచెయ్యి పట్టుకొని లాగాను.

"ఇంకా ఆమేన్ అన్లేదు కదే" అంది కళ్లు తెరవకుండా.

"ఇక్కడ ఆమేన్ ఉండదు. మనమే గెలిచాం."

"ఓల్గా ఎత్తిందా?"

"ఎత్తింది."

"అయితే నన్నింక ఎవరూ వెళ్లిపొమ్మనరా?"

నేల కొనడానికి బ్యాంకు ఇంకా లోన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే కొనుక్కుపోవడానికి ఆ కంపెనీ గుమ్మంలోనే కాచుకొని ఉంది. అబద్ధమాడటానికి నాకు నోరు రాలేదు.

"ఈ చలికాలం అనరు ఆంటీ" అన్నాను.

ఆమె కళ్లు తెరవలేదు. నా చెయ్యి పట్టుకొని మళ్లీ ప్రార్థన మొదలుపెట్టింది.