రక్తం తాగింది పురుగులు, నింద గర్భసంచికి

ఉయ్యూరు బస్టాండులో బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టాను, రెండోది ఎత్తలేకపోయాను. వెనకున్నావిడ "ఎక్కవమ్మా, ఫోటో దిగుతున్నావా?" అంది. మామూలుగా అయితే మాటకి మాట అంటించేదాన్నే, గలగలా మాట్లాడతానని మా ఊళ్లో నాకు పేరు. ఆ రోజు నోరు కూడా బరువుగా అనిపించి, పక్కకి జరిగి ఆవిడకి దారిచ్చాను.

అప్పటికే కొన్నాళ్లుగా ఆయాసం. కొంగులో పచ్చిబియ్యం పోసుకుని తింటూ ఉండేదాన్ని. "పచ్చిబియ్యం తింటే పెళ్లిలో వాన పడుద్దంటారు. నీ పెళ్లయి పిల్ల కూడా ఉందిగా, ఇంకెవరి పెళ్లి తడపాలనే?" అని అత్తయ్య నవ్వేది.

మా ఊరి ఆర్‌ఎంపీ గారు కనురెప్ప కిందికి లాగి చూసి రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సింది అయిదు వచ్చింది. నెలసరి అందరిలాగే వస్తుందని చెప్పాను. "రక్తం అందులోనే పోతందమ్మా. గర్భసంచి తీయించేసుకో, గొడవుండదు" అన్నారు. మా వైపు ఈ మాట కొత్త కాదు. మా తోడికోడలికి తీసేశారు, పక్కింటావిడకీ తీసేశారు. నాకేమో ఒక్కతే పాప. ఇంకొకరు కావాలని ఉండేది. ఆ మాట పైకి అనలేదు. అనాలని కూడా అనిపించలేదు. ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు విన్నాను.

మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలకి వెల్డింగ్ చేస్తారు. ఓనర్ని సెలవడిగి బెజవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కానింగ్‌లో "బల్కీ యుటెరస్" అన్నారు, గర్భసంచి ఉబ్బి ఉందట. రక్తం ఎక్కించి, ఆపరేషన్‌కి రోజు ఖాయం చేశారు. సంతకం పెట్టమంటే పెట్టాను. ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు.

ఆపరేషన్‌కి ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి నా రిపోర్టులు తిరగేశారు.

"రక్తంలో ఇసినోఫిల్స్ కణాలు ఇంత ఎక్కువున్నాయేంటి? ఏం పని చేస్తావమ్మా?"

"చెరుకు తోటలో కలుపు తీస్తానండీ. మొక్క నాటేటప్పుడూ వెళ్తా."

"చెప్పులేసుకునేనా?"

"తోటలోకి చెప్పులతో దిగం కదండీ. గట్టు మీద విడిచి దిగుతాం. భూదేవి కదా."

"తోటలోనే బయటికి కూడా వెళ్తారా?"

తల దించుకుని ఊపాను. ఆవిడ ఫైలు మూసేశారు. "రక్తం ఎటు పోతోందో తెలీకుండా నేను మత్తివ్వను. రేపు స్టూల్ టెస్ట్, అదే మలపరీక్ష, చేయించి రండి."

డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాం. తెల్లారి నేను ఇచ్చిన డబ్బాని అత్తయ్య తీసుకుని, అంత పెద్ద డాక్టరు గారికి వాసనతో ఎలా ఇస్తామని, లోపల కాస్త ఫినాయిల్ పోసి, పైన మొహానికి రాసుకునే పౌడరు జల్లింది. ల్యాబులో మూత తీసినావిడ ముక్కు దగ్గర పెట్టుకుని మా ఇద్దర్నీ చూసింది.

"పరీక్షకి తెచ్చారా, పేరంటానికి తెచ్చారా?"

"మర్యాదగా ఉంటదని..." అంది అత్తయ్య.

"మర్యాద సరే. ఇందులో ఇంక నాకేం కనపడుద్దండీ? మళ్లీ ఇవ్వాలి."

మా ఆయన విసుక్కున్నారు. "ఇంకో రోజు సెలవంటే ఓనరు ఊరుకోడు. ఆపరేషన్ ఎలాగూ రాశారుగా, ఇంకో మత్తు డాక్టర్ని పెట్టమని చేయించేసుకుందాం పద." నేను లేచి ఆయన వెనకే నడిచాను కూడా. నాలుగడుగులు వేశాక కాళ్లు ఆగిపోయాయి. "నేనిక్కడే ఇచ్చి వస్తాను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఖాళీ డబ్బా అడిగి తీసుకుని ఆసుపత్రి బాత్రూంలో కూర్చున్నాను. తలుపవతల నించుని అత్తయ్య "వచ్చిందా? టీ తేనా?" అని అడుగుతూనే ఉంది. వరండాలో జనం అందరికీ వినపడింది. సిగ్గు కూడా వేయలేదు.

కాసేపటికి ల్యాబావిడ పిలిచి "చూస్తావా?" అని మైక్రోస్కోపు దగ్గరికి రమ్మంది. ఉడికిన సగ్గుబియ్యం గింజల్లాంటివి కనిపించాయి. "హుక్‌వర్మ్, అంటే కొంకిపురుగుల గుడ్లు. మట్టిలో పొదిగిన పిల్లపురుగులు అరికాళ్ల గుండా ఎక్కుతాయి. పేగుల్లో కూర్చుని రక్తం తాగుతాయి." డాక్టరమ్మ ఆపరేషన్ ఆపించి పురుగుల మాత్ర ఆల్బెండజోల్, ఐరన్ రాయించారు. ఐరన్‌కి విరేచనం నల్లగా అయితే కంగారు పడొద్దని కూడా చెప్పారు.

అక్కడితో అయిపోలేదు. ఒళ్లు తేలికపడగానే మళ్లీ చెప్పులు విడిచి తోటలోకి దిగాను. కొన్ని నెలలకి ఆయాసం తిరిగొచ్చింది, పరీక్షలో మళ్లీ అవే గుడ్లు. డాక్టరమ్మ తిట్టలేదు. "భూదేవికి నేను చెప్పుకుంటాలే, నువ్వు బూట్లేసుకో" అన్నారు. ఈసారి ఇంట్లో అందరం మాత్ర వేసుకున్నాం. "నాకేం రోగం?" అని మా ఆయన గునిశారు గానీ, ఆయనా వేసుకున్నారు.

ఇప్పుడు హిమోగ్లోబిన్ పదకొండు. రబ్బరు బూట్లతో దిగుతుంటే తోటలో ఆడవాళ్లు "ఇన్‌స్పెక్టరమ్మ గారొచ్చారు" అంటున్నారు. నేనూ తిరిగి అంటిస్తున్నాను. అయినా ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ఏమీ అనిపించదు, వేరే ఎవరికో జరిగినట్టే ఉంటుంది.

మీకు నేను చెప్పేది ఒక్కటే. రక్తం తక్కువని ఎవరైనా గర్భసంచి తీయించుకోమంటే, ముందు స్టూల్ టెస్ట్ అయిందా అని అడగండి. డబ్బాలో ఏమీ కలపకుండా, ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి.

నిన్న మళ్లీ నెలసరి వచ్చింది. ఒకటే నడుంనొప్పి. పొద్దుట్నుంచీ గర్భసంచిని తిట్టుకుంటూనే ఉన్నాను. తిట్టుకోవడానికి అది ఇంకా నాతోనే ఉంది.