ఐర్లాండ్ ఘర్‌లో ఆగని బాజా

ఆ రోజుల్లో, అంటే బోధన్ గాలిలో ఏడాదికి ఆరు నెలలు చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్ వాసన తప్ప మరో వాసన తెలియని రోజుల్లో, నేను పెళ్ళి బ్యాండులో తాళాలు కొట్టేవాణ్ణి. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది (నేనే బడిని వదిలేశానని ఇంట్లో చెప్పుకునేవాళ్ళం). "మొఖానికి అడ్డం పెట్టుకునే బాజా గిదొక్కటే బేటా. నీకు మంచిగుంటది, సూసెటోల్లకు ఇంకా మంచిగుంటది" అంటూ మా బ్యాండు ఉస్తాద్ ఆ తాళాలు నా చేతిలో పెట్టారు. నా కన్ను మాత్రం క్లారినెట్ మీదే. అది వాయించే పెద్దాయనకు ముందరి పళ్ళు ఊడిపోయి, బ్యాండులో ఆయన చోటు ఖాళీగా ఉంది. దుకాణంలోని క్లారినెట్ ఇంటికి తెచ్చి నేను దొంగచాటుగా సాధన చేస్తుంటే, మేకకు ఏమైందో అని మా అవ్వ రెండుసార్లు పెరట్లోకి వెళ్ళి చూసివచ్చింది.

అప్పట్లో షుగర్ ఫ్యాక్టరీలో ఒక ఐర్లాండు ఇంజనీరు ఉండేవాడు. ఆయన భార్య తమ బంగళాలో రెండు గదులు ఖాళీ చేసి, తన దేశపు పాటలు, ఆటలు, కథలు మనవాళ్ళకు నేర్పడానికి ఒక కేంద్రం తెరిచింది. బోర్డు మీద ఏదో పొడుగాటి పేరుండేది; ఊరు మాత్రం దాన్ని ఐర్లాండ్ ఘర్ అనేది. లోపల గోడకొక పటం, మన ఎండకు సగం తీగలు తెగిన నిలువెత్తు వీణ లాంటి వాయిద్యం, ఎప్పుడూ మరుగుతుండే చాయ్ కెటిల్. ఆమె తెలుగు నేర్చుకున్నది వంటామె దగ్గర. అందుకని ఎవరు కనబడ్డా "తమ్మీ" అనేది (ఒకసారి మొగుణ్ణి కూడా అన్నదని వంటామె చెప్పింది). ఎవరైనా పొరపాటున ఇంగ్లీషు దొరసాని అన్నారో, "నేను ఇంగ్లీషు కాదు తమ్మీ! వాండ్లను మేం గూడ ఎల్లగొట్టినం!" అని కెటిల్ ఠక్కున కింద పెట్టేది. ఆ మనిషికి ఇక రెండో కప్పు లేనట్టే.

మార్చిలో వాళ్ళ దేశపు సాధువు పండుగ. ఆ రోజు ఐర్లాండ్ ఘర్‌లో నాట్యం. నాలుగు రోజుల ముందు, ఆటకు పాట వేసే గ్రామఫోను స్ప్రింగు తెగింది. దొరసాని నేరుగా మా బ్యాండు దుకాణానికి వచ్చి, స్టూలు మీద కూర్చుని "ల ల్ల ల్లా" అంటూ పాట మొత్తం పాడేసింది. ఉస్తాద్ తొడ మీద ఆరు దెబ్బలు లెక్కేసుకుని, "అరే, గిది మన దాద్రా తాళమే గద! సముద్రం దాటి మల్ల ఇంటికొచ్చింది" అన్నారు. నేను ఊరుకోలేక గోడకున్న క్లారినెట్ అందుకుని వినిపించాను. ఆమె చప్పట్లు కొట్టింది. ఉస్తాద్ కొట్టలేదు. "ఆ రోజు మన బ్యాండు ఇజ్జత్ నిలబెడితె క్లారినెట్ నీది. లేకుంటె జిందగీ అంత తాళాలే" అన్నారు.

మా బ్యాండుకు ఒకటే కానూను. బరాత్ ఊరేగింపు ముందు ఆడేవాళ్ళ కాలు లేస్తున్నంతసేపు బాజా ఆగకూడదు. మధ్యలో ఆపితే ఆడేవాళ్ళను అందరి ముందు కొట్టినట్టే.

పండుగ నాడు మధ్యాహ్నం మూడు దాటాక మొదలుపెట్టాం. దొరసాని, కాలనీ ఆడపిల్లలు నలుగురు, చివర్లో ఫ్యాక్టరీ కెమిస్టు సాబ్. ఈయన ఆర్మూరు మనిషి, భారీ విగ్రహం. ఒళ్ళు తగ్గించుకోమని డాక్టరు చెబితే ఇందులో చేరాడు. చేతులు రెండూ కర్రల్లా పక్కకు దించి, కాళ్ళు మాత్రమే ఆడించడం వాళ్ళ పద్ధతి. "చేతులు కట్టేసిండ్రా ఏంది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. పాట ఒకసారి అయింది. వాళ్ళు ఆపలేదు, నేను మళ్ళీ ఎత్తుకున్నాను. మూడోసారి, నాలుగోసారి. కెమిస్టు సాబ్ నా వైపు పళ్ళన్నీ బయటపెట్టి చూశాడు. ఎంత సంతోషమో అనుకుని వేగం పెంచాను. దొరసాని జడ ఊడింది, మొహం మిరపపండైంది, నా వైపు తల గట్టిగా ఊపింది. శభాష్ అంటోందనుకుని ఇంకా పెంచాను. నా పెదవులు వాచాయి, డోలు వాడు చేతులు మార్చాడు. ఉస్తాద్ చెవిలో, "వాల్లు ఆగేదాక ఆగకు! క్లారినెట్ యాదికుంచుకో!" అంటున్నారు. జనం ఈలలు వేస్తున్నారు.

అంతలో ఫ్యాక్టరీ నాలుగు గంటల సైరన్ మోగింది. "షిఫ్టు! నా షిఫ్టు!" అని కేకపెట్టి కెమిస్టు సాబ్ మెట్లు దూకి గేటు దాటేశాడు (ఆయనకు షిఫ్టు డ్యూటీయే లేదని తర్వాత తెలిసింది). వరుస తెగింది, కాళ్ళు ఆగాయి, నేనూ ఆగాను.

దొరసాని గోడకు ఆనుకుని, "తమ్మీ, ఎందుకు ఆపలే?" అంది.

"మీరెందుకు ఆపలే మేడమ్?"

"వాయించెటోడు వాయిస్తుంటె ఆగితె మా దిక్కు వానికి అవమానం!"

ఉస్తాద్ తల పట్టుకుని, "ఆడెటోల్లు ఆడుతుంటె ఆపితె మా దిక్కు వాల్లకు బేజ్జతి, అమ్మా!" అన్నారు. రికార్డు దానంతటదే అయిపోతుంది, బరాత్ దానంతటదే పెళ్ళింటికి చేరుతుంది. అందుకే ఆపడమెట్లా అని నాలుగు రోజుల్లో ఒక్కరమూ అడగలేదు. ఒకరి మర్యాద కోసం ఒకరం ప్రాణాల మీదికి తెచ్చుకున్నామని తెలిసి ఆమె నేల మీద కూలబడి నవ్వింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ, "వచ్చే ఏడు గూడ గీ తమ్మీనే వాయించాలె" అంది. ఉస్తాద్ క్లారినెట్ వెనక్కి అడగలేదు.

ఇంజనీరు కాంట్రాక్టు ముగిశాక వాళ్ళు వెళ్ళిపోయారు. ఐర్లాండ్ ఘర్ మళ్ళీ మామూలు బంగళా అయింది. పాట మాత్రం పోలేదు. రెంజల్ దాకా ఎన్ని పెళ్ళిగుర్రాలు దాని మీద నడిచాయో! ఇప్పుడు ఊపిరి అందదు గానీ, ఎదుటివాడు ఎందుకు పళ్ళు బయటపెడుతున్నాడో ఒక్క క్షణమైనా ఆలోచించని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, వాడి మీద కాస్త అసూయే కలుగుతుంది.

ఆ నాట్యం జరిగిన మరుసటి వారమే కెమిస్టు సాబ్ బజార్లో కుంటుతూ ఎదురుపడ్డాడు. నేను ఊరుకుంటానా? "సాబ్, ఆ రోజు షిఫ్టు అందిందా?" అన్నాను.

ఆయన కర్ర మీద ఆనుకుని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "అందింది తియ్యి. నీ పెండ్లి ఎప్పుడో జర చెప్పు బిడ్డా. బాజా నేను పట్టుకొస్త, ఆడుడు నువ్వు. గని నీ లగ్గం సైరన్ లేని ఊర్లె పెట్టుకో."