ఎదుర్కోళ్లలో ఇంగ్లండు పాట

మొన్న మా వసారాలో నాపరాళ్లు పరిచేవాళ్లు కోత మిషను పెట్టగానే తడి రాతిపొడి వాసన గుప్పుమని లేచింది, నేను తాండూరులో తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను. అది మా చిన్నాయన చొక్కా వాసన. రాళ్ల పాలిషింగు కార్ఖానాలో ఆయన పని. సాయంత్రం కనుబొమ్మల దాకా తెల్లగా వచ్చి, అక్కడ విన్నది చాలదన్నట్టు చంకలోని టేప్‌రికార్డరు దించి మళ్లీ మీట నొక్కేవాడు.

అందులో ఎప్పుడూ ఒకటే క్యాసెట్, ఇంగ్లండులో ఇనుప కార్ఖానాకు పోయిన దోస్తు పంపింది. తనతో పనిచేసే నలుగురు కుర్రాళ్లు కట్టుకున్న హెవీమెటల్ బ్యాండట, వారమంతా ఇనుము పోత పోసి ఆదివారాలు రేకుల షెడ్డులో గిటార్లు వాయించేవాళ్లట, ఒక్కరోజులోనే ఆరు పాటలు రికార్డు చేశారట. ఉత్తరంలోని ఈ చరిత్రంతా చిన్నాయన వచ్చిపోయేవాళ్లకు పురాణంలా చెప్పేవాడు. వాళ్ల ఊళ్లోనే వాళ్లను ఎవరూ పట్టించుకోరని కూడా దోస్తు రాశాడు. "మనం పట్టించుకుందం తియ్" అనేవాడు చిన్నాయన.

మొదటి పాటంటే మాకు ప్రాణం. చలికాలంలో ఉడకబెట్టిన కందికాయలు ఒలుచుకు తింటూ, రాతిముక్కలతో తొక్కుడుబిళ్ల ఆడుతూ, ఆ గిటారును నోటితోనే వాయించేవాళ్లం. సరిగ్గా సగానికి పాడేవాడు గొంతు చించుకోవడం మొదలుపెట్టగానే, సకినాల పిండి చేతులతోనే నాయనమ్మ వచ్చి కట్టేసేది. "ఆపుండ్రి గా లొల్లి! చెవులు పోతున్నయ్!"

చిన్నాయనకు వికారాబాదు సంబంధం కుదిరింది. ఎదుర్కోళ్లలో, ఆడపెళ్లివారు షర్బత్‌తో ఎదురొచ్చేటప్పుడు, ఆ పాటే మోగాలని ఆయన పట్టు. మా ఊరి బ్యాండు మేస్త్రీ రహీం సాబ్ నేర్చుకుంటానని క్యాసెట్ తీసుకెళ్లి, పెళ్లి మూడు రోజులుందనగా, తెగి చిక్కుపడ్డ టేపును సేమ్యాల్లా జేబులోంచి తీసి చూపించాడు. చిన్నాయన ముఖం చూడలేకపోయాను. అప్పటికే నలుగు పెట్టారు, పెళ్లికొడుకు గడప దాటకూడదు. పైగా ఆయనకు వినడమే గానీ కూనిరాగం తీయడమైనా రాదు. "మా బిడ్డకు పాట మొత్తం వస్తది" అని నన్ను పంపాడు.

రహీం సాబ్ దుకాణంలో సగందాకా దర్జాగా పాడాను, ఆయన క్లారినెట్ మీద పట్టేశాడు. "ఆగే బోల్ బేటీ, తర్వాత ఏముంది?" అన్నాడు. ఏముందో నాకేం తెలుసు, నాయనమ్మ ఏనాడైనా విననిస్తేగా! తెలియదనడానికి నామోషీ వేసి, నోటికొచ్చిన బతుకమ్మ వరస అందుకున్నాను.

మాఘమాసపు ఎండలో, వికారాబాదు స్టేషను బయట బ్యాండు ఎత్తుకుంది. చిన్నాయన ముందు నా అబద్ధం బయటపడుతుందని నాయనమ్మ కొంగు చాటుకు జరిగాను. సగం అయింది, బతుకమ్మ వరస వచ్చింది. మొదట చప్పట్లు కొట్టింది నాయనమ్మే. ఆ వెనక రెండువైపుల ఆడవాళ్లూ షర్బత్ గ్లాసులు పక్కన పెట్టి, ఒకరి పేరొకరికి తెలియకుండానే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు.

చిన్నాయన నన్ను దగ్గరికి లాక్కున్నాడు. "పాటల గిది లేదు కదనే?"

నేను ఏడుపుముఖం పెట్టాను.

"ఉంటే మస్తుండు" అని పకపకా నవ్వాడు. అంత సంతోషం నాకు మళ్లీ ఏ పెళ్లిలోనూ కలగలేదు.

ఈమధ్య మా అమ్మాయి ఆ బ్యాండును ఫోనులో వెతికి పట్టింది. ఆ ఆరు పాటలతోనే సరిపెట్టి విడిపోయారట. మొదటి పాట తొలిసారి చివరిదాకా విన్నాను. సగం తర్వాత వచ్చే గిటారు నిజంగా బాగుంది, అయినా నాకు వెలితిగానే తోచింది. నాయనమ్మ లేదు, రహీం సాబ్ లేడు, ఆయన దుకాణమూ లేదు. ఇంగ్లండు వాళ్లు వాయించింది నొక్కగానే వస్తోంది. మేం వాయించింది ఎవరూ రికార్డు చేయలేదు.