అత్తయ్య అడిగిన బండ సందు

మా ఊళ్లో రాయి దొరికేది కాదు. డెల్టా అంతా నల్లమట్టి. ఇంటి పునాదికి రాయి కావాలంటే ఎక్కడో కొండలున్న చోటి నుంచి లారీలో రావాలి. పిల్లలం కుక్కను అదిలించాలన్నా మట్టిగడ్డే విసిరేవాళ్లం. అలాంటి ఊళ్లో ప్రతి ఆదివారం గొంతెత్తి దేవుణ్ణి మా బండ అని పాడుకునేవాళ్లం. పాడేవాళ్లలో ఎందరు నిజంగా బండను చూశారో నాకు తెలియదు.

మాకు సండే స్కూలు చెప్పిన టీచరమ్మగారు కూడా చూడలేదు. ఆవిడ మా సంఘంలో బైబిలు స్త్రీ. వారమంతా ఇంటింటికీ నడిచివెళ్లి ప్రార్థన చేసేవారు. ఆదివారం పొద్దున మాకు వాక్యం చెప్పేవారు. ఒక వారం పాఠం, దేవుని మహిమను చూడాలని వేడుకున్న దాసుడి గురించి. దేవుడు అతణ్ణి సీనాయి కొండ మీద ఒక బండ సందులో నిలబెట్టి, తాను దాటిపోయేదాకా చేత్తో కప్పి ఉంచాడు. ఆ తరువాత చెయ్యి తీస్తే అతనికి కనిపించింది ముఖం కాదు, వెనుక భాగమే.

బండ సందంటే ఏమిటని మాలో ఎవరో అడిగారు. టీచరమ్మగారు కాసేపు ఆలోచించి, మందిరం వెనకున్న చేలోకి మమ్మల్ని తీసుకెళ్లారు. ఎండాకాలం. మినుము తీసేసిన చేను నెర్రెలు విచ్చి ఉంది. అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడమన్నారు. తేళ్లుంటాయని పెద్దపిల్లలు భయపెట్టినా పెట్టాం. పైన నేల కాలిపోతోంది, లోపల మాత్రం చల్లగా ఉంది. ఇదే ఇంకా పెద్దదనుకోండి, మట్టి బదులు రాయనుకోండి, అన్నారు ఆవిడ.

తిరిగి మందిరంలోకి వచ్చాక, పాటల పుస్తకాలు పెట్టే రెండు బీరువాల మధ్య సందులో మమ్మల్ని ఒక్కొక్కరినే నిలబెట్టారు. అరచేత్తో మా కళ్లు కప్పి కాసేపు ఉంచి, చెయ్యి తీసిన వెంటనే వెనక్కి తిరిగి నడిచిపోయేవారు. మాకు కనిపించేది తెల్లచీర కట్టిన వీపు. పిల్లలందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నా వంతు వచ్చినప్పుడు నేను కళ్లు మూసుకోలేదు. ఎదురుగా కిటికీలోంచి ఎండ పడుతుంటే, ఆవిడ వేళ్ల సందుల్లోంచి ఒక ఎరుపు కనిపించింది. అలాంటి ఎరుపు మళ్లీ చాలా ఏళ్లదాకా ఎక్కడా చూడలేదు.

ఆ టీచరమ్మగారే తరువాత నాకు అత్తయ్య అయ్యారు. ఇప్పుడు కెనడాలోని సస్కటూన్‌లో మాతోనే ఉంటున్నారు. మా వారికి ఇక్కడ విత్తనాల కంపెనీలో ఉద్యోగం. విమానం దిగి మొదటిసారి కారులో వస్తున్నప్పుడు, రెండు వైపులా ఆకాశం దాకా పరుచుకున్న గోధుమచేలను చూసి అత్తయ్య, "ఇక్కడా రాయి లేదన్నమాట," అన్నారు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినా, కోపం వస్తే నన్ను "వెనక బెంచీ" అనే పిలుస్తారు.

ఆవిడకు గ్లకోమా. కుడికన్ను దాదాపు పోయింది. ఎడమకంటికి అంచుల నుంచి చీకటి కమ్ముకొస్తోంది. చుక్కల మందు వేసుకుంటే ఇంకొన్నాళ్లు ఆగుతుందని డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్లో చెప్పలేదు.

పోయిన ఏడాది మా అమ్మాయి పన్నెండో గ్రేడు ముగించింది. కాలేజీలో చేరేముందు అరిజోనా ఎడారిలో ఒక లోయ చూడాలని పట్టుబట్టింది. నేల చీలి, రెండు రాతిగోడల మధ్య మనిషి పట్టేంత సందు మాత్రమే ఉండే లోయ అది. అది అక్కడి ఆదివాసులు నవాహో ప్రజల భూమి కాబట్టి వాళ్ల గైడు వెంట ఉంటేనే లోపలికి వెళ్లనిస్తారు. అమ్మాయి ఫోనులో ఆ లోయ ఫొటో వెతికి నానమ్మకు చూపించింది. అత్తయ్య ఫోనును ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని ఎంతసేపటికీ తిరిగి ఇవ్వలేదు.

ఆవిడ్ని కూడా తీసుకెళ్లాలని చూశాం. మా ముగ్గురివీ కెనడా పాస్‌పోర్టులు, ఆవిడది ఇండియా పాస్‌పోర్టు. అమెరికా వీసా ఇంటర్వ్యూకు అప్లై చేస్తే ఏడాదిన్నర తరువాతి తేదీ వచ్చింది. ఆ తేదీ విని అత్తయ్య, "అప్పటికి నా కంటికి రాయి ఒకటే, రొట్టె ఒకటే," అని నవ్వారు. మా వారు ఆవిడ దగ్గర ఉండిపోయేటట్టు, నేనూ అమ్మాయీ వెళ్లేటట్టు నిర్ణయించుకున్నాం.

మా తెలుగు సహవాసం ఆదివారం మధ్యాహ్నాలు ఒక చర్చి బేస్‌మెంట్‌లో కూడుకుంటుంది. ప్రయాణం కోసం ప్రార్థించమని అత్తయ్య అడిగినప్పుడు, అక్కడి పెద్దాయన ఒకరు మెల్లగా చురక వేశారు. సీనాయి ఎక్కడ, అమెరికా ఎక్కడ సిస్టర్, అని. "బండలన్నీ చేసినవాడు ఒక్కడే కదండీ," అన్నారు అత్తయ్య. పెద్దాయన ప్రార్థన మొదలుపెట్టారు.

బయల్దేరే రోజు పొద్దున నేను బూట్లు వేసుకుంటుంటే ఆవిడ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చారు.

"అమ్మాయ్, ముప్పయ్యేళ్లు పిల్లల్ని బీరువాల మధ్య నిలబెట్టి అదే బండ సందని చెప్పాను. నేను చూసింది చెప్పలేదు, తోచింది చెప్పాను. సరిగ్గా చెప్పానో లేదో చూసి రా."

వీలైతే ఓ చిన్న రాయి కూడా తెమ్మన్నారు. చేత్తో పట్టుకుంటే తెలుస్తుందట.

కాల్గరీ మీదుగా లాస్ వేగస్ వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, మర్నాడు పొద్దున లోయ ఉన్న ఊరు చేరాం. గైడు నాకంటే కొంచెం పెద్ద వయసు ఆవిడ. జుట్టును తెల్ల ఉన్నిదారంతో వెనక ముడి కట్టుకుంది. మమ్మల్నీ ఇంకో ఆరుగురినీ ట్రక్కు వెనక బెంచీల మీద ఎక్కించుకుని ఇసుకలో తీసుకెళ్లింది. ఎక్కడి నుంచి వచ్చారని అడిగి, మేం కెనడా అనగానే, "అయితే మీరు నా గోడలకు తగిలినా సారీ చెబుతారు," అంది. కెనడా వాళ్లు అయినదానికీ కానిదానికీ సారీ చెబుతారని పేరు, అందరూ నవ్వారు. తరువాత నియమాలు చెప్పింది. సంచులు వద్దు. గోడల మీద ఏమీ గీకొద్దు. ఏమీ వదలొద్దు, ఏమీ తీసుకెళ్లొద్దు, చిటికెడు ఇసుకైనా సరే. ఆ చివరి మాట నేను స్పష్టంగా విన్నాను. వినలేదని చెప్పుకోలేను.

లోయ పైనుంచి ఏమీ కనిపించలేదు. ఎర్రటి నేల, దాని మీద ఒక చీలిక. అంతే. నిలబడిపోయాను. అది మా మినపచేలో నెర్రే. టీచరమ్మగారు దాన్ని మనిషి పట్టేంత చేసి ఊహించుకోమన్నారు, ఎవరో అలాగే చేసి పెట్టారు.

ఇనుప నిచ్చెన మీదుగా లోపలికి దిగాం. పైన మండుతున్న ఎండకు లోపల వేడిగా ఉంటుందనుకున్నాను. గోడ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. గోడలు నిటారుగా లేవు. వంగుతూ, మెలికలు తిరుగుతూ, ఒక్కోచోట నా రెండు భుజాలకూ తగిలేంత దగ్గరగా వచ్చాయి. ఎక్కడో మైళ్ల దూరాన కురిసిన వాన ఇక్కడ వరదై ఈ రాతిని అరగదీసిందని గైడు చెప్పింది. తన నానమ్మ ఈ పైనే గొర్రెలు కాసేదట. పైకి చూస్తే ఆకాశం సన్నటి గీతలా ఉంది. అక్కడి నుంచి దిగిన వెలుగు గోడ మీద పడి, ఎదుటి గోడకు తగిలి, మా దాకా వచ్చేసరికి ఎరుపైపోయింది. నేను ఆ ఎరుపును గుర్తుపట్టాను.

ఏడవలేదు. అక్కడ ఉండాల్సిన మనిషి నేను కాదనిపించింది. ఆ వాక్యాన్ని ముప్పయ్యేళ్లు మోసిన మనిషి సస్కటూన్‌లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. వెనక బెంచీలో కూర్చుని పక్కపిల్ల జడ లాగిన నన్ను తెచ్చి ఇక్కడ నిలబెట్టాడు ప్రభువు. ఎందుకని ఆయన్ని అడిగాను. ముందు నడుస్తున్న గైడు వీపు మాత్రం కనిపిస్తోంది.

ఒక మలుపులో అందరూ ఫొటోలకు ఆగినప్పుడు, గోడ మొదట్లో వేలి కణుపంత రాయి కనిపించింది. వంగి బూటు లేసు సర్దుకుంటున్నట్టు దాన్ని తీసి జేబులో వేసుకున్నాను. వాక్యం తెలిసినవాళ్లకు ఇలాంటప్పుడు సాకులు సులభంగా దొరుకుతాయి. దేవుని ప్రజలు నదిని దాటినప్పుడు నది అడుగు నుంచి జ్ఞాపకార్థంగా రాళ్లు తీసుకెళ్లలేదా అని నాకు నేనే చెప్పుకున్నాను. వాళ్లను తీసుకెళ్లమని చెప్పింది దేవుడు. నాకు వద్దని చెప్పింది ఆ భూమి మనిషి. ఆ తేడాను ఆ క్షణంలో ఆలోచించలేదు.

లోయ చివర కాస్త వెడల్పైన చోట గైడు అందర్నీ కూర్చోమంది. తమ ఆఫీసుకు పోస్టులో రాళ్లు తిరిగి వస్తుంటాయని అక్కడే చెప్పింది. దూరదూరాల నుంచి వస్తాయట, క్షమించమనే ఉత్తరాలతో. కొందరు ఇంట్లో అనారోగ్యమనీ, కొందరు నిద్రపట్టడం లేదనీ రాస్తారట. మరి వాటిని ఏం చేస్తారని మా అమ్మాయి అడిగింది.

"డబ్బాలో వేస్తాం. ఏ రాయి ఏ మూలదో మాకెలా తెలుస్తుంది? వాళ్లకు సారీ చెప్పడం తెలుసు, చోటు చెప్పడం తెలియదు."

తమాషాగానే అంది. నా జేబులో రాయి మాత్రం తొడకు గుచ్చుకోవడం మొదలుపెట్టింది. అత్తయ్య దాన్ని గుప్పిట్లో పెట్టుకుని ప్రార్థన చేయడం నేను ఊహించుకుంటూ వచ్చాను. ఇప్పుడు అదే ఊహలో ఆవిడ, ఇదెక్కడిదే, అడిగి తెచ్చావా, అని అడుగుతున్నారు. దొంగిలకూడదని నాకు కంఠతా నేర్పింది ఆవిడే.

వెళ్లిన దారినే తిరిగి రావాలి. ఆ మలుపు వస్తుందని ఎదురుచూస్తూ నడిచాను. కానీ వెళ్లేటప్పుడు చూసిన గోడలు వచ్చేటప్పుడు వేరేగా ఉన్నాయి. వెలుగు జరిగిపోయింది, ఎరుపున్న చోట ఊదారంగు ఉంది. ఇదేననిపించిన ఒక మలుపులో అందరినీ ముందుకు పోనిచ్చి వంగాను.

"అక్కడ కాదు," అంది అందరికంటే వెనక వస్తున్న గైడు. "ఇంకో మలుపు తరువాత."

తీసినప్పుడే చూసిందన్నమాట. నా ముఖం కాలిపోయింది. ఆమె నాతో ఆ మలుపు దాకా నడిచి వచ్చి, ఆ చోటు చూపించింది. రాయిని గోడ మొదట్లో పెట్టాను. ఇసుకలో దాని గుంట అలాగే ఉంది.

ఎవరికోసమని అడిగింది. మా అత్తయ్యకని, చిన్నప్పుడు నాకు పాఠం చెప్పిన టీచరని, చూపు పోతోందని, వీసా రాలేదని చెప్పాను. గైడు గోడ మీద చెయ్యి ఆనించింది.

"చల్లగా ఉంటుందని చెప్పు. జూలైలో కూడా చల్లగానే ఉంటుందని. ఫొటోలో అది రాదు."

ఇల్లు చేరింది ఆదివారం సాయంత్రం. అత్తయ్య బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నా అడుగుల చప్పుడు వినగానే అరచెయ్యి చాపారు. ఆ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుని, మొత్తం చెప్పాను. రాయి తీసిందీ, సాకు వెతుక్కుందీ, తిరిగి పెట్టిందీ.

అత్తయ్య అంతా విని, రాయి చోటు ఆ గైడే చూపించిందా అని అడిగారు. అవునన్నాను.

"వెనక బెంచీలో ఏం దాచినా నాకూ కనపడేదిలే," అన్నారు. వెంటనే గొంతు మారింది. "మరి, నేను చెప్పినట్టే ఉందా?"

అబద్ధం చెప్పదలచుకోలేదు. పైనుంచి చూస్తే మన చేలో నెర్రేనని చెప్పాను. బీరువాల్లా నిటారుగా మాత్రం లేదు, గోడలు నీళ్లు పారినట్టు వంగి ఉన్నాయి. లోపల చల్లగా ఉంది. అత్తయ్య తల ఊపుతూ ఒక్కొక్కటే విన్నారు. వంగిన గోడల దగ్గర, అది నాకు తెలియలేదు, అన్నారు మెల్లగా. చల్లదనం దగ్గర ఆవిడ భుజాలు కాస్త దిగాయి.

"ఎరుపు కూడా ఉంది అత్తయ్యా. మీ వేళ్లలోంచి కనపడిన ఎరుపే."

"అంటే నువ్వు కళ్లు మూసుకోలేదన్నమాట."

"ఎవరూ మూసుకునేవాళ్లు కాదు."

ముప్పయ్యేళ్లలో నిలబెట్టిన పిల్లలందరినీ తలుచుకున్నట్టు ఆవిడ నవ్వారు. తరువాత బల్ల పట్టుకుని లేచారు. మా వంటింట్లో ఫ్రిజ్‌కూ గోడకూ మధ్య చీపురు పెట్టే సందు ఒకటి ఉంది. తడుముకుంటూ అక్కడికి వెళ్లి, చీపురు తీసి పక్కన పెట్టి, వీపు గోడకు ఆనించి కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

"అందర్నీ నేను నిలబెట్టాను. నన్నెవరూ నిలబెట్టలేదే."

నేను కుళాయి కింద చెయ్యి పెట్టి, చల్లబడేదాకా ఉంచాను. తుడుచుకుని వచ్చి, అరచెయ్యి ఆవిడ కళ్ల మీద పెట్టాను. వేళ్లు కాస్త ఎడంగా ఉంచాను. పడమటి ఎండ కిటికీలోంచి నేరుగా పడుతోంది. ఆవిడ కూడా కళ్లు మూసుకోలేదు. రెప్పలు నా అరచేతికి తగులుతున్నాయి.

పాఠం ప్రకారం నేనిప్పుడు చెయ్యి తీసి, వెనక్కి తిరిగి నడిచిపోవాలి. ఎరుపు కనిపిస్తోందా అని అడిగాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థిస్తున్నారని తెలిసింది. కాసేపటికి నా మణికట్టు పట్టుకున్నారు.

"ఉండవే. ఇంకా తియ్యకు."