పూర్తి ధరకు కొన్న యంత్రం

మా వృత్తిలో ధర చెప్పడం ఉండదు. పెళ్ళి చేయించినా, గృహప్రవేశం చేయించినా, "ఎంత ఇమ్మంటారండీ?" అని అడిగితే "మీకు తోచినంత" అనడమే నాకు తెలిసిన బేరం. ముప్ఫై ఐదేళ్ళుగా తాడేపల్లిగూడెంలో కాపురం ఉంటూ, ఇటు రైసుమిల్లుల వాళ్ళకీ, అటు పెదపాడు దాటి కొల్లేటి చేపల చెరువుల వాళ్ళకీ పౌరోహిత్యం చేస్తున్నాను. కూరగాయల దగ్గర కూడా బేరమాడి ఎరగను. ఆ పని మా ఆవిడది. అలాంటివాణ్ణి, అరవయ్యో ఏట నా చూపుకి ధర అడగాల్సి వచ్చింది.

మూడేళ్ళ కిందట నాకు ఎదుట ఉన్నదాని మధ్యభాగం కనబడడం మానేసింది. అంచులు తెలుస్తాయి. మనిషి వస్తే చొక్కా రంగు, భుజాలు, చెప్పులు తెలుస్తాయి. ముఖం ఉండవలసిన చోట మసక. పోయిన చూపు ఇక తిరిగి రాదని ఏలూరు కళ్ళ డాక్టరు చెప్పేశాడు.

మంత్రాలకు కళ్ళతో పనిలేదు. చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్నవి, నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ఇబ్బందల్లా పంచాంగంతోనే. అది ఏటా మారుతుంది, పైగా చీమ తలకాయంత అక్షరాలు. మా ఆవిడ వంటింట్లో కూర్చుని తిథులూ నక్షత్రాలూ చదివి వినిపించేది, నేను గుర్తుపెట్టుకునేవాణ్ణి. కానీ ముహూర్తానికి వచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఇప్పుడే చూసి చెప్పమంటారు. పంచాంగం తెరిచి, కాసేపు వేలు కదిపి, "జాతకాలు నిదానంగా చూడాలండీ, ఎల్లుండి రండి" అని పంపేసేవాణ్ణి. ఎంత శ్రద్ధో అనుకున్నారు. నా పరపతి పెరిగింది కూడా!

ఎవరికీ చెప్పకపోవడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట ఒక గుడిలో విగ్రహప్రతిష్ఠకు ఋత్విక్కులను కుదిర్చే బాధ్యత నాకు అప్పగించారు. చూపు మందగించిన ఒక పెద్దాయన పేరు నేనే కొట్టేయించాను. అంగలోపం ఉన్నవారు ఆ పీటల మీద కూర్చోకూడదని నలుగురిలో శాస్త్రం చెప్పాను. ఆ తరువాత ఆయన్ని చిన్న వ్రతానికి కూడా ఎవరూ పిలవలేదు. నేను చెప్పిన శాస్త్రం ఈ చుట్టుపక్కల అందరికీ గుర్తుంది. నా సంగతి బయటపడితే నాకూ అదే గతి. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పిలుపుల మీదే.

చూపు తక్కువవాళ్ళకు పరికరాలు అమ్మే కొట్టు ఏలూరులో ఉందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. టీవీ లాంటి తెర, కింద ఒక కెమెరా. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, కొట్టాయన కెమెరా కింద పంచాంగం పెట్టాడు. ఒక్కో అక్షరం అరచేయంత అయి తెర మీదికొచ్చింది. తల కాస్త పక్కకు తిప్పి, కంటి అంచుతో పట్టుకున్నాను. "విదియ" అని చదివాను. నేనే చదివాను! మా ఆవిడ నా భుజం గట్టిగా నొక్కింది.

"ఎంతండీ?" అన్నాను.

"లక్షా పదివేలండీ. తెలుగులో చదివి వినిపించాలంటే ఆ గొంతుకి వేరేగా పద్నాలుగు వేలండీ. ఏటేటా రెన్యువల్ కూడా ఉంటుందండీ."

ఇంగ్లీషు గొంతు, ఫ్రెంచి గొంతు ఉచితమట. తాడేపల్లిగూడెం వాడికి తెలుగు మాత్రం అదనం. నాకు ఒళ్ళు మండిపోయింది. "కెమెరా, తెర మా మేనల్లుడి ఫోనులోనూ ఉన్నాయి కదండీ, పదివేలకే!" అన్నాను. నిజానికి ఆ ఫోనుతోనూ ప్రయత్నించాం. పేపరు చక్కగా చదివింది గానీ, పంచాంగం గళ్ళలోకి వచ్చేసరికి ఒక రోజు తిథిని ఇంకో రోజు నక్షత్రంతో కలిపేసింది.

"కొనేవాళ్ళు తక్కువండీ. అందుకే ధర ఎక్కువండీ."

"ధర ఎక్కువ కాబట్టి కొనేవాళ్ళు తక్కువేమో చూడండి."

ఆయన నవ్వాడు. "సదరం సర్టిఫికెట్ ఉంటే చెప్పండి పంతులుగారూ. పథకం కింద సగానికే వస్తుందండీ."

చూపు లేనివాణ్ణని కాగితం మీద రాయించుకుంటే సగం ధర. దాచుకుంటే పూర్తి ధర. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఎటు తిప్పి చూసినా లెక్క ఇంతే.

పది రోజులు మా ఆవిడ పోరు పెడితే, ఆ సర్టిఫికెట్ కోసం పెద్దాసుపత్రికి వెళ్ళాం. వరండాలో బల్ల మీద కూర్చున్నాం, నా టోకెను నా జేబులో ఉంది.

"పంతులుగారూ! మీరిక్కడేంటండీ?"

గొంతు గుర్తుపట్టాను. పెదపాడు వైపు చేపల చెరువులున్న ఆసామి భార్య. వాళ్ళింట్లో రెండు పెళ్ళిళ్ళు నా చేతి మీదుగానే జరిగాయి. తండ్రి కాలు చూపించడానికి తీసుకొచ్చిందట. "ఎవర్ని తీసుకొచ్చారండీ?" అని అడిగింది.

"మా ఆవిడనమ్మా. చూపు బొత్తిగా పోయింది," అనేశాను.

ముందు అనుకున్నది కాదు. నాలుక అలా తిరిగింది. మా ఆవిడ గాలిలో తడుముకుని నా మోచేయి పట్టుకుంది. నా నంబరు పిలిచారు. ఆసామి భార్య ఎదురుగా లేచి, చూపు లేనిది నాకని చెప్పుకోలేకపోయాను. రెండోసారి కూడా పిలిచారు. సిగ్గుతో చచ్చిపోతూ అక్కడే కూర్చున్నాను.

యంత్రం పూర్తి ధరకే కొన్నాం. మేడ మీద ఒక గది వేయించాలని మా ఆవిడ పోస్టాఫీసులో దాచుకున్న సొమ్ము దానికే సరిపోయింది. ఇంట్లో ఉన్నది ఒక హాలు, వంటిల్లు. యంత్రం హాల్లో తప్ప ఎక్కడా పట్టలేదు.

అది ఇంటికి చేరకముందే కబురు ఊరంతా చేరింది. ఆడవాళ్ళు పళ్ళు పట్టుకుని మా ఆవిణ్ణి పలకరించడానికి వచ్చారు. ఇప్పుడు ఆవిడ పగటిపూట పుస్తకం పట్టుకోకూడదు, బియ్యం ఏరకూడదు, వీధిలో ఎదురైనవాళ్ళను ముందుగా పలకరించకూడదు. యంత్రం ఆవిడ పేరున ఉంది కనుక, ముహూర్తానికి ఎవరైనా వస్తే దాని ముందు నేను కూర్చోకూడదు. వీధి తలుపు గడియ పెట్టుకుని చదువుకుంటాను. తలుపు చప్పుడైతే కుర్చీ ఆవిడకిచ్చి పక్కన నిలబడతాను. ఇద్దరం ఒకే బోనులో పడ్డాం, తలుపు వేసింది నేను.

పోయిన వారం ఆ చెరువుల ఆసామి భార్యే వచ్చింది, చిన్నమ్మాయి పెళ్ళికి ముహూర్తం పెట్టించడానికి. మా ఆవిడ గోడ తడుముకుంటూ కాఫీ తెచ్చింది. చుక్క ఒలకలేదు. గుడ్డితనం నాకన్నా ఆవిడకే బాగా పట్టుబడింది.

"కూర్చోండి అమ్మగారూ, మీకెందుకండీ ఈ శ్రమ," అని ఆమె మా ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ మిషను లక్ష పైమాటేనంట కదండీ. ఇంట్లో ఆడవాళ్ళ కోసం ఇంత ఎవరు పెడతారండీ ఈ రోజుల్లో?"

"నిజమేనండీ, నా అదృష్టం," అంది మా ఆవిడ.

అంటూ నా వైపు తిరిగింది. పసుపు చీర తెలుస్తోంది, ఒళ్ళో పెట్టుకున్న చేతులు తెలుస్తున్నాయి. తల ఎంత పక్కకు తిప్పి చూసినా, ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉందో నాకు కనబడలేదు.