కోసేసిన నీలం కవరు

2022 జూన్, బడులు తెరిచిన కొత్త. ఖమ్మంలోని నా స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌ల పని తగ్గితే కెమెరా భుజాన వేసుకుని రోడ్ల మీద తిరిగేవాణ్ని. మనిషికి తెలియకుండా తీసే ఫొటోను మా వృత్తిలో క్యాండిడ్ అంటాం. అందులో నాకు గొప్ప నేర్పు ఉందనుకునేవాణ్ని.

ఒక మధ్యాహ్నం దవాఖానా గోడ నీడలో ఒకాయన నోరు తెరిచి పడుకుని ఉన్నాడు. ఒక చెప్పు కాలికే ఉంది, రెండోది రోడ్డు మీద పడి ఉంది. ఖాకీ చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. వరసగా ఆరు ఫొటోలు తీశాను. కంప్యూటర్‌లో చూస్తే ఆయన పక్కనున్న నీలం రంగు స్కానింగ్ కవరు మీదికే కన్ను పోతోంది. క్రాప్ చేశాను, అంటే ఆ అంచు కోసేశాను. కవరు మీద ఆయన వేసిన చెయ్యి కూడా మణికట్టు దాకా పోయింది. ‘మందు దిగని మధ్యాహ్నం’ అని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. మెచ్చుకోళ్లు చదువుకుంటూ రెండు రోజులు గడిపాను.

పది రోజులకు ఆయనే నా స్టూడియోకి వచ్చాడు. ఫొటో మూలన నా స్టూడియో పేరుంది. ఆయన పేరు వెంకన్న, కారేపల్లిలో బడిపిల్లల ఆటో నడుపుతాడు.

“నేను తాగంగ నువ్వు చూసినవా అన్నా?”

“మీ పేరు పెట్టలేదు కదా” అన్నాను. అంత మాట అనగలిగాను.

“పేరెందుకు? మొఖం పెట్టినవ్ గద! నా పెండ్లానికి ఆపరేషనయింది. మూడు దినాలు కన్ను మూయలే. ఇంగ భయం లేదని డాక్టరు చెప్పినంక గోడకు ఒరిగిన. తొమ్మిదిమంది పిల్లలెక్కెటోళ్లు నా ఆటోల. ఇప్పుడు మా అన్న బిడ్డ ఒక్కతే. తాగుబోతోని బండి ఎవలెక్కిస్తరు?”

“ఇప్పుడే తీసేస్తాను.”

“నువ్వు తీస్తవ్. ఊరోళ్ల ఫోన్లల్లకెళ్లి ఎవలు తీస్తరు?”

మర్నాడు పొద్దున కోయని ఫొటోను పెద్ద ప్రింటు వేసుకుని కారేపల్లి వెళ్లాను. వెంకన్నతో ఇల్లిల్లూ తిరిగాను. మొదటి ఇంట్లో ఒక తల్లి ఆ ప్రింటును చాలాసేపు చూసింది.

“గీ కవరు మా ఫోన్లకొచ్చిన ఫొటోల లేదేంది?”

“నేనే కోసేశానమ్మా. చూడ్డానికి బాగుండదని.”

“బాగుండాలని మనిషిని తాగుబోతును చేస్తవా సారూ?”

ప్రింటు పట్టుకుని పక్కింటి తలుపు తట్టాను. ఆ వారంలో ఐదుగురు పిల్లలు తిరిగి వచ్చారు. ముగ్గురు రాలేదు, వాళ్లు వేరే ఆటో మాట్లాడుకున్నారు.

ఆ రోజు ఇళ్లన్నీ తిరిగాక, బయల్దేరే ముందు వెంకన్నను ఆటో పక్కన నిలబెట్టి ఒక మంచి ఫొటో తీద్దామని కెమెరా ఎత్తాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“కెమెరా దించు అన్నా. నా పెండ్లాం ఎట్లున్నదని పొద్దుగాల్నుంచి ఒక్కసారన్న అడిగినవా?”

అడగలేదు. ఆమె కవరు ఉన్న ఫొటోను ఊరంతా చూపించాను గాని, ఆమె గురించి అడగలేదు. అప్పుడు అడిగాను. లేచి నాలుగడుగులు వేస్తోందని చెప్పాడు.

ఇప్పటికీ రోడ్ల మీద ఫొటోలు తీస్తాను. తీసిన ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లి పలకరించాకే ఇంటికి వస్తాను. వెంకన్న ఫొటో మాత్రం ఆ రోజు తీయలేదు.