కందాకు పన్నెండు పొట్లాలు

మా జయమణి మేడం పప్పుజాతి మొక్క కనపడితే చాలు, దాని తల్లి ఎవరో కనుక్కోకుండా ఉండలేరు. కంది, పెసర, మినుము, అలసంద, ఏదైనా సరే. మనిషి మహా మర్యాదస్తురాలు. కానీ ఆ ప్రశ్నను ఆత్రంగా అడిగేసరికి అవతలివాళ్ళకి "దీనమ్మెవరు?" అని వినపడుతుంది. తిప్పలన్నీ అక్కడే.

ఒకసారి జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కాం. పక్కసీటామె ఒళ్ళో పెసరకాయల సంచి ఉంది.

"దీనమ్మెవరు?" అన్నారు మేడం ఆప్యాయంగా.

ఆమె మొహం ఎర్రబడింది. కండక్టర్ గబగబా వచ్చాడు.

"మేడం, చదువుకున్నోళ్ళు మీరు. బస్సులో ఆడోళ్ళున్నారు, కాస్త మాటలు చూసుకోండి!"

"నేనూ ఆడదాన్నేగదయ్యా. ఈ పెసర పుట్టింటి సంగతి అడుగుతున్నా."

నేను మాత్రం ఆవిడెవరో తెలియనట్టు కిటికీలోంచి సిమెంటు లారీలు చూస్తూ కూర్చున్నాను.

నా పేరు ఖయ్యూమ్. నందిగామలో మేం పనిచేసే కాలేజీలో ఆవిడ వృక్షశాస్త్రం హెడ్, నేను కాంట్రాక్టు లెక్చరర్ని. ఆకుకి పచ్చదనమిచ్చే హరితరేణువులకు సొంత జన్యులిపి ఒకటి ఉంటుంది. కందిలో అది తల్లి మొక్క నుంచే వస్తుంది. పుప్పొడి ఇచ్చిన తండ్రికి అందులో వాటా లేదు. ఆ అక్షరాలన్నీ వరసగా చదివి, ఊరూరి కందుల్లో తేడాలు పోల్చి చూస్తే, ఏ కంది ఏ కందికి పిన్నో పెద్దమ్మో తెలుస్తుంది. మేడం పరిశోధన అదే. ఇదంతా నాలుగేళ్ళు ఆవిడ దగ్గర శ్రద్ధగా నేర్చుకున్నానని అనుకునేరు. ఇంటర్వ్యూ ముందురోజు బట్టీ పట్టాను.

ఒక నవంబరులో మేడం నా చేతికి ఆకులు ఆరబెట్టే గుళికలు వేసిన పొట్లాలు పన్నెండు ఇచ్చారు. నాటు కంది ఇంకా వేస్తున్న పన్నెండు ఊళ్ళు తిరిగి లేతాకులు తేవాలి.

"ఎక్కడికెళ్ళినా ఆ విత్తనం దాచినావిడ పేరు అడిగి రాసుకురా, ఖయ్యూమ్. మర్చిపోకు."

"తప్పకుండానండీ."

మొదటి ఊరు గరికపాడు. చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగినట్టే, దాబా ముందు నా బండి దానంతటదే ఆగింది. బిర్యానీ చెప్పి వెనక్కి చూస్తే ఏపుగా కంది చేను! ఆకు మీద ఊరి పేరేమైనా రాసి ఉంటుందా? సంచెడు కోసుకొచ్చి, దాబా బల్ల మీద పోసి, బిర్యానీ వచ్చేలోగా పన్నెండు పొట్లాలూ కట్టేశాను. పైన పన్నెండు ఊళ్ళ పేర్లు రాశాను. ఆడవాళ్ళ పేర్లకి కొరతేముంది? మేనత్తలు ఆరుగురు, అత్తగారి వైపు ఐదుగురు. ఒకటి తక్కువైతే మా ఆవిడ తబస్సుంని గరికపాడు రైతుని చేసేశాను.

మూడు నెలలకి హైదరాబాదు ల్యాబు నుంచి ఫలితాలొచ్చాయి. మేడం పిలిచారు.

"ఈ పదకొండింటికీ అమ్మ ఒక్కతేనయ్యా. ఒక్క అక్షరం తేడా లేదు."

"చూశారా మేడం, మన ప్రాంతంలో ఎంత ఐకమత్యమో!"

"పన్నెండో పొట్లం మీద చెవిటికల్లు అని ఉంది."

"అదీ అంతేనాండీ?"

"అది కంది కాదు. కరివేపాకు."

దాబావాళ్ళు అదే బల్ల మీద పెట్టిన కరివేపాకు కట్ట నా కళ్ళముందు కదిలింది.

"మీ తబస్సుం గరికపాడులో ఎప్పుడు కంది వేసింది?"

ఇక దాచలేక అంతా చెప్పేశాను. ఆవిడ రిపోర్టు మూసి పక్కన పెట్టారు. "బిర్యానీ అయినా బావుందా?" అన్నారు. 

రెండోరోజే ప్రాజెక్టు తనిఖీకి కృష్ణప్రియ గారనే అధికారి వచ్చారు. నాది కాంట్రాక్టు ఉద్యోగం, తీసేయడానికి ఒక్క మాట చాలు. రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని గోడ పక్కన నిలబడ్డాను.

"ఇవి ఎవరు తెచ్చారండీ?" అన్నారావిడ రిపోర్టు చూస్తూ.

"బాధ్యత నాదండీ," అన్నారు మేడం. "ఇవి తప్పు ఆకులు. సరిచూసుకోకుండా ల్యాబుకి పంపింది నేనే. అన్నీ పారేస్తున్నాం. ఈసారి నేనే స్వయంగా వెళ్ళి తెస్తా."

కృష్ణప్రియ గారు చాలా మాటలే అన్నారు. అన్నీ మేడం పడ్డారు.

తర్వాత అడిగాను. "నా పేరెందుకు చెప్పలేదండీ?"

"చెప్తే ఉద్యోగం పోతుంది. పోతే బండెవరు తోల్తారయ్యా? పద."

అలా మేడం నా బండి వెనక కూర్చున్నారు. ఆకు ఇంకా పచ్చగా ఉన్న చేలు వెతుక్కుంటూ ఊరూరూ తిరిగాం. చివరికి చెవిటికల్లులో హజరాబీ అనే పెద్దామె దొరికింది. పెరట్లో నాలుగు కంది మొక్కలు, ఇంట్లో కుండెడు విత్తనం.

"దీనమ్మెవరు?" అన్నారు మేడం.

హజరాబీ చేతికర్ర అందుకుంది. నేను అడ్డంపడ్డాను.

"తిట్టు కాదు మామ్మా! ఈ విత్తనం నీకెవరిచ్చారని!"

కర్ర కిందికి దిగింది.

"మా అమ్మ ఇమాంబీ. నన్ను కాపరానికి పంపేటప్పుడు కొంగున కట్టింది. ఇన్నాళ్ళకి అడిగారమ్మా ఈ మాట! వచ్చినోళ్ళంతా చేనెవరిదంటారు, మా ఆయన పేరు రాసుకుపోతారు. దాచిందెవరని ఒక్కరూ అడగలా."

మేడం నావైపు చూడలేదు. చూసి ఉంటే బావుండేది. నేను కాగితం తీసి 'ఇమాంబీ' అని గుండ్రంగా రాశాను. ఇంటికొచ్చాక, నాలుగేళ్ళలో మొదటిసారి మేడం పాత వ్యాసాలు తెరిచి చదివాను. ప్రతి మొక్కకీ ఊరి పేరుతోపాటు ఒక స్త్రీ పేరుంది. ఒక్కటీ వదల్లేదు.

ఈసారి పన్నెండు కందులూ పన్నెండు రకాల చుట్టరికాలు చెప్పాయి. వ్యాసం అచ్చయ్యాక, ఇమాంబీ కంది అక్షరాలన్నీ ప్రింటు తీసుకుని ఇద్దరం చెవిటికల్లు వెళ్ళాం. హజరాబీ ఆ కట్టని రెండు చేతులతో ఎత్తి చూసింది.

"ఇదంతా మా అమ్మ గురించేనా?"

"ఆమె దాచిన కంది గురించమ్మా. లక్షా యాభై వేల పైచిలుకు అక్షరాలు."

హజరాబీ కాగితాలు తిప్పింది, ఇంకా తిప్పింది.

"ఇంత మాట్లాడేది కాదే మా అమ్మ!" అని పడీపడీ నవ్వింది. కట్ట మాత్రం తిరిగి ఇవ్వలేదు.